తెరిచే రోజు తెలిస్తేనే పెట్టె కొనండి



ఈసారి ట్రేడింగ్ కార్డుల పెట్టెల మీద నా అభిప్రాయం రాస్తున్నాను. పోకెమాన్, మ్యాజిక్, యు-గి-ఓ లాంటి ఆటల కార్డులు ఇవి. సీలు వేసిన పెట్టెల్లో వస్తాయి. అప్పుడప్పుడు దుకాణాలు వాటి ధర బాగా తగ్గిస్తాయి. అలాంటప్పుడు కొనాలా, వద్దా?

అరవై దాటిన దానికి, గుడిలో సేవ చేసుకునే దానికి ఈ సంగతి ఎందుకు అని మీరు అడగవచ్చు. ఇక్కడ సింగపూర్‌లో నాకు తెలిసిన పిల్లల్లో చాలామంది దీపావళికి పెద్దవాళ్ళు ఇచ్చిన డబ్బూ, చైనీస్ న్యూ ఇయర్‌కి వచ్చిన అంగ్‌పావ్ డబ్బూ ఈ పెట్టెల మీదే పెడుతున్నారు. కొనే ముందు మనల్నే అడుగుతారు. "అమ్మమ్మా, ముప్పై శాతం తగ్గించారు. కొనుక్కోనా?" దానికి జవాబు తెలుగులో చెప్పాలని నా కోరిక. నేను చదువుకున్నది ఇంగ్లీషు మీడియంలో. కాబట్టి ముందు విషయం తెలుసుకున్నాను, తరవాత మాటలు వెతుక్కున్నాను.

నా జవాబు ఇది. ఆ పెట్టె ఏ రోజు తెరుస్తావో, ఎవరితో ఆడతావో చెప్పగలిగితే కొనుక్కో. చెప్పలేకపోతే సగం ధరకి వచ్చినా వదిలెయ్యి. ఎందుకో వివరంగా చెప్తాను.

ఆట వేరు, ప్యాకెట్ వేరు

మ్యాజిక్ ఆట 1993 ఆగస్టులో అమెరికాలో వచ్చింది. గణితం చదివిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ దాన్ని తయారుచేశాడు. పోకెమాన్ కార్డులు 1996 అక్టోబరులో జపాన్‌లోనూ, 1999 జనవరిలో అమెరికాలో ఇంగ్లీషులోనూ వచ్చాయి. అన్నిటిలోనూ పద్ధతి ఒకటే. చిన్న ప్యాకెట్‌లో పదో పదిహేనో కార్డులు ఉంటాయి. లోపల ఏముందో తెరిచేదాకా తెలియదు. అలాంటి ప్యాకెట్లు చాలా కలిపితే ఒక పెట్టె. ఇంగ్లీషు పోకెమాన్ పెట్టెలో 36 ప్యాకెట్లు ఉంటాయి. మ్యాజిక్ పెట్టెల్లో కూడా చాలా ఏళ్ళు 36 ఉండేవి.

మన ఇళ్ళలో కార్డులు అనగానే పెద్దవాళ్ళకి పేకాట గుర్తొస్తుంది. పేకాట అనగానే ముఖం చిట్లిస్తారు. ఇక్కడ ఒక కోర్టు తీర్పు చెప్పాలి. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో కోర్టు ఏమన్నదంటే, మూడు ముక్కలాట లాగా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచే ఆట కాదు. ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో ఆలోచించాలి. కాబట్టి అందులో నేర్పు ఎక్కువ.

ఈ ట్రేడింగ్ కార్డులకి కూడా నేను అదే కొలత పెడతాను. ఆడటంలో నేర్పు ఉంది. ప్యాకెట్ తెరవడంలో ఉన్నది అదృష్టం ఒక్కటే. పిల్లవాడు పెట్టె కొని స్నేహితులతో ఆడితే నేర్పుకి డబ్బు పెట్టినట్టు. ఖరీదైన కార్డు ఒక్కటి దొరుకుతుందని ప్యాకెట్ మీద ప్యాకెట్ చింపితే అదృష్టానికి డబ్బు పెట్టినట్టు. పెట్టె ఒకటే, ధర ఒకటే. మనం దేనికి డబ్బు ఇస్తున్నామన్నదే తేడా.

ఆ అదృష్టం ఎంతో లెక్క చూద్దాం. మ్యాజిక్‌లో అన్నిటికన్నా అరుదైన కార్డుని మిథిక్ రేర్ అంటారు. 2008లో ఈ తరగతి మొదలైనప్పుడు సగటున 8 ప్యాకెట్లకి ఒకటి వచ్చేది. ఆ లెక్కన 36 ప్యాకెట్ల పెట్టెలో నాలుగో ఐదో వస్తాయి. ఒక సెట్‌లో అలాంటివి 15 రకాలు ఉన్నాయనుకోండి. మీ పిల్లవాడు కోరుకున్న ఆ ఒక్కటి పెట్టెలో ఉండే అవకాశం మూడో వంతు కూడా లేదు. కావలసింది ఒక్క కార్డే అయితే ఆ ఒక్క కార్డునే విడిగా కొనండి. పెట్టె ఎంత చవకైనా దీనికి అది దారి కాదు.

ఎందుకు తగ్గించారు?

"ఎంత తగ్గించారు?" అనే ప్రశ్న అందరూ అడుగుతారు. "ఎందుకు తగ్గించారు?" అని అడగడం పిల్లలకి నేర్పాలి. నాకు తెలిసిన కారణాలు ఇవి.

మొదటిది, కొత్త సెట్ వస్తోంది. ఈ ఆటల్లో ఏడాదికి చాలా సెట్లు వస్తాయి. దుకాణంలో అరలు తక్కువ, అద్దె ఎక్కువ. కొత్త సరుకుకి డబ్బు కట్టాలంటే పాతది అమ్ముకోవాలి. ఇది మంచి కారణం. పెట్టెలో లోపమేమీ లేదు. ఆడుకునే వాళ్ళు కొనడానికి ఇదే సరైన సమయం.

రెండోది, ఎక్కువ అచ్చువేశారు. 1994లో మ్యాజిక్‌లో ఫాలెన్ ఎంపైర్స్ అనే సెట్ అవసరానికి మించి అచ్చువేశారు. ఆ ప్యాకెట్లు చాలా ఏళ్ళు చవకగానే దొరికాయి. 2022 నవంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా విశ్లేషకులు మ్యాజిక్ కార్డులు మరీ ఎక్కువ అచ్చువేస్తున్నారని చెప్పి, ఆ ఆటని నడిపే హాస్‌బ్రో కంపెనీ షేరు రేటింగ్‌ని తగ్గించారు. అచ్చు ఎక్కువైతే ఆడేవాళ్ళకి లాభం, దాచేవాళ్ళకి నష్టం.

మూడోది, ఆ పెట్టె ఆటకి సరిపోదు. 2023 మేలో మ్యాజిక్‌లో ది ఆఫ్టర్‌మాత్ అని ఒక చిన్న సెట్ వచ్చింది. మొత్తం 50 కార్డులు, ప్యాకెట్‌కి 5. ఆ ప్యాకెట్లు తెరిచి నలుగురు కూర్చుని అప్పటికప్పుడు ఆడటానికి కుదరదు. కొన్నవాళ్ళు నిరాశపడ్డారు, ధర పడిపోయింది. అలాంటిది చవకగా వచ్చినా ఏం చేసుకుంటాం?

నాలుగోది, పెట్టె మూల నలిగింది, లేదా పైన ప్లాస్టిక్ చిరిగింది. దాచుకునేవాళ్ళు దాన్ని ముట్టరు. తెరిచి ఆడుకునేవాళ్ళకి మాత్రం అది బంగారం లాంటి బేరం. కాకపోతే ప్లాస్టిక్ చిరిగింది అంటే లోపల ప్యాకెట్లు ఎవరూ మార్చలేదని నమ్మకం ఉండాలి. కాబట్టి తెలిసిన దుకాణంలోనే కొనండి.

ఐదోది, ఆ ఆట ఆడేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఇది జాగ్రత్తగా చూడాలి. ఎదురుగా కూర్చునే మనిషి లేకపోతే కార్డులు ఉత్త అట్టముక్కలు.

ఆరోది, నమ్మలేనంత చవక. దీన్ని తెలుగులో కారుచవక అంటారు, ఆ మాట నేర్చుకోండి. కొత్తగా వచ్చి అందరూ వెతుకుతున్న పెట్టె ఎవరో తెలియని మనిషి దగ్గర సగం ధరకి ఉంటే, అది నకిలీ కావచ్చు. తెరిచి, మంచివి తీసేసుకుని మళ్ళీ సీలు వేసినది కావచ్చు. డబ్బు ముందే పంపమంటే ఇక ఆలోచించవద్దు, వదిలెయ్యండి.

"దాచుకుంటే ధర పెరుగుతుంది కదా?"

పిల్లలు తప్పకుండా ఈ మాట అంటారు. వాళ్ళ దగ్గర ఉదాహరణ కూడా ఉంటుంది. పోకెమాన్‌లో 2021 ఆగస్టులో వచ్చిన ఎవాల్వింగ్ స్కైస్ పెట్టె ఇప్పుడు అప్పటి ధరకి ఎన్నో రెట్లు. నిజమే. కానీ ఆ ఒక్క పేరు అందరికీ గుర్తుండి, పెరగని పెట్టెల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఫాలెన్ ఎంపైర్స్ ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి. ధర పెంచేది అరుదు. అరుదు మన చేతిలో లేదు, అచ్చువేసే కంపెనీ చేతిలో ఉంది. 1995లో మ్యాజిక్ కంపెనీ క్రానికల్స్ పేరుతో పాత కార్డుల్ని మళ్ళీ అచ్చువేసింది. పాతవాటి ధర పడిపోయింది, దాచుకున్నవాళ్ళు గొడవ చేశారు. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించి, అందులో ఉన్న కార్డులు మళ్ళీ అచ్చువేయమని మాట ఇచ్చింది. ఆ మాట ఆ పాత కార్డులకే. ఇవాళ అరలో ఉన్న పెట్టెకి అలాంటి హామీ ఏదీ లేదు.

పోకెమాన్ సంగతి చూడండి. కోవిడ్ కాలంలో అందరూ ఈ కార్డుల మీద పడ్డారు. 2021 మేలో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాలు గొడవలకి భయపడి కొంతకాలం వీటిని షాపులో అమ్మడమే ఆపేశాయి. తరవాత ఏం జరిగింది? కంపెనీ అచ్చు పెంచింది. 2024 మార్చితో ముగిసిన ఒక్క ఏడాదిలో దాదాపు 1,190 కోట్ల కార్డులు తయారయ్యాయి. మొదటినుంచీ అప్పటిదాకా తయారైన మొత్తం సుమారు 6,480 కోట్లు. అంటే ఇరవై ఏడేళ్ళ మొత్తంలో ఆరో వంతుకి పైగా ఒకే ఏడాదిలో వచ్చింది. ఇంత సరుకులో మన పెట్టె ఏం అరుదు?

లెక్క కూడా వేద్దాం. 150 డాలర్ల పెట్టె 30 శాతం తగ్గి 105 డాలర్లకి వచ్చిందనుకోండి. దాన్ని ఐదేళ్ళు దాచారు. సీపీఎఫ్ ఆర్డినరీ అకౌంట్ కనీస వడ్డీ 2.5 శాతం. ఆ వడ్డీకి 105 డాలర్లు ఐదేళ్ళలో దాదాపు 118 డాలర్ల 80 సెంట్లు అవుతాయి. పెట్టె అమ్మేటప్పుడు సైటు కమీషన్, పంపే ఖర్చు కలిపి 10 శాతం పోతుందనుకుందాం. అప్పుడు 132 డాలర్లకి అమ్మితేనే ఆ వడ్డీతో సమానం. అంటే నాలుగో వంతుకి పైగా ధర పెరిగితే మనకి మిగిలే అదనపు లాభం సున్నా. హెచ్‌డీబీ ఇంట్లో అది ఆక్రమించిన చోటుకి అద్దె నేను లెక్క వెయ్యనేలేదు. సింగపూర్ గాలిలో తేమ సగటున 80 శాతం పైనే ఉంటుంది. ఆ తేమకి మెరిసే కార్డులు వంకర తిరుగుతాయి.

మన పెద్దవాళ్ళు దీనికి ఎప్పుడో మాట కట్టారు: కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. కొనడానికి వెళ్తే సరుకు నిప్పులా మండుతుంది, అదే సరుకు అమ్మడానికి వెళ్తే అడవిలో నిలబడినట్టు, అడిగే మనిషి ఉండడు. కొరివి అంటే మండుతున్న కట్టె. ఈ సామెత ఒక్కటి పిల్లలకి నేర్పితే చాలు, సగం పాఠం అయిపోయినట్టే.

తెరిస్తే లెక్క మారుతుంది

అదే 105 డాలర్ల మ్యాజిక్ పెట్టెని తెరిచి ఆడితే? సీల్డ్ అనే ఆటలో ఒక్కొక్కరికి ఆరు ప్యాకెట్లు ఇస్తారు. వాటితోనే 40 కార్డుల డెక్ కట్టుకుని ఆడాలి. పెట్టెలో 36 ప్యాకెట్లు ఉంటే ఆరుగురికి సరిపోతాయి. తలకి 17 డాలర్ల 50 సెంట్లు. ఒక మధ్యాహ్నమంతా ఆట, పైగా ఎవరి కార్డులు వాళ్ళకే. డ్రాఫ్ట్ అనే ఇంకో ఆటలో ఒక్కొక్కరికి మూడే ప్యాకెట్లు. అప్పుడు పన్నెండుమందికి వస్తాయి, తలకి 8 డాలర్ల 75 సెంట్లు. ఇక్కడ తగ్గింపు నిజంగా మన చేతికి వస్తుంది. 150 డాలర్లకి కొని ఉంటే సీల్డ్‌లో తలకి 25 అయ్యేది. ధర ఐదేళ్ళ తరవాత పెరుగుతుందా తగ్గుతుందా అనే దిగులు కూడా లేదు.

పోకెమాన్ కొంచెం వేరు. ఆ ప్యాకెట్లు తెరిచి వెంటనే ఆడటం అంత తేలిక కాదు. ఎనర్జీ కార్డులు, ట్రైనర్ కార్డులు సరిపడా కావాలి. ఆడటం నేర్చుకునే పిల్లలకి పెట్టె కన్నా తయారుగా ఉన్న డెక్‌లు రెండు కొనివ్వడం మేలు. ఒకటి వాడికి, ఒకటి మీకు.

అందుకే తేదీ అడగమంటున్నాను. నేను చాలా ఏళ్ళుగా గుడిలో వంట సామాను గది చూసుకుంటున్నాను. అక్కడ మేం ఏం కొన్నా పంచాంగం చూసి కొంటాం. పెరటాసి శనివారాలకి ఇంత బియ్యం, వైకుంఠ ఏకాదశికి ఇంత నెయ్యి అని ముందే రాసి ఉంటుంది. నెయ్యి చవకగా వచ్చిందంటే మొదటి ప్రశ్న, "ఏ పూజకి?" దానికి జవాబు ఉంటే తెప్పిస్తాం. జవాబు లేకపోతే వద్దంటాం, ఎందుకంటే గదిలో చోటు దేవుడిది, డబ్బు భక్తులది. పిల్లవాడి అంగ్‌పావ్ డబ్బు కూడా ఎవరో ప్రేమగా ఇచ్చిందే. దానికీ అంత మర్యాద ఇవ్వాలి.

సింగపూర్‌లో ఎప్పుడు చూడాలి

9.9, 11.11, 12.12 అని ఆన్‌లైన్‌లో పెద్ద అమ్మకాలు వస్తాయి. ఆ రోజు చూపించే "అసలు ధర"ని నమ్మవద్దు. నెల ముందే దుకాణాల్లో మామూలు ధర ఎంత ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తగ్గింపుని దానితో పోల్చండి.

విదేశం నుంచి తెప్పిస్తే జీఎస్‌టీ మరిచిపోవద్దు. 2024 జనవరి 1 నుంచి అది 9 శాతం. 2023 నుంచి 400 డాలర్ల లోపు సరుకు ఆన్‌లైన్‌లో తెప్పించినా, జీఎస్‌టీ కింద నమోదైన అమ్మకందారులు దాన్ని వసూలు చేస్తారు. మన 105 డాలర్ల పెట్టెకి రవాణా 20 అనుకుంటే 125. జీఎస్‌టీ కలిపితే 136 డాలర్ల 25 సెంట్లు. ఇక్కడి దుకాణంలో పన్నుతో కలిపి 150 ఉంటే, 30 శాతం తగ్గింపు కాస్తా 9 శాతం అయి కూర్చుంది. ఆ మాత్రం దానికి ఇక్కడే కొనండి. పెట్టె నలిగితే వెనక్కి తీసుకెళ్ళి అడగవచ్చు. శనివారం అదే దుకాణంలో బల్ల దగ్గర కూర్చుని ఆడుకోనూవచ్చు.

ఇక తొందర గురించి. సెట్ వచ్చిన మొదటి వారంలో కొనకండి. సరుకు తక్కువ, ఆత్రం ఎక్కువ. తరవాతి సెట్ దగ్గర పడేదాకా ఆగండి. చాలా పెట్టెల ధర అప్పటికి దిగుతుంది. దిగకపోతే ఆ పెట్టె మనది కాదనుకోండి. ఇంకో సెట్ ఎలాగూ వస్తుంది.

పిల్లలతో ఏం చెప్పాలి

నన్ను నిజంగా బాధపెట్టే విషయం డబ్బు కాదు. పధ్నాలుగేళ్ళ పిల్లవాడి బీరువాలో మూడు సీలు పెట్టెలు ఉంటాయి. తెరిస్తే ధర పోతుందని తెరవడు. ఆడాలని ఉంటుంది, ఆడడు. తన వయసులో ఆట వస్తువుకి తానే కాపలా కాస్తున్నాడు. ఆ పెట్టెలు ధర పెరిగినా పెరగకపోయినా, వాడి పధ్నాలుగో ఏడు మళ్ళీ రాదు.

అందుకని "కొనవద్దు" అని కసరకండి. "ఎప్పుడు తెరుస్తావు నాన్నా? ఎవరెవరిని పిలుద్దాం?" అని అడగండి. వచ్చే శనివారం, మామయ్య పిల్లలు, పక్క బ్లాకు స్నేహితుడు అని వాడు చెప్తే, డబ్బు తక్కువైతే మీరు కొంచెం వెయ్యండి. తోచకపోతే ఆ డబ్బు పోస్బ్ ఖాతాలో వేసి, తేదీ దొరికినప్పుడు తియ్యమనండి.

తెలుగు నేర్చుకుంటున్న మనకి ఇందులో ఇంకో లాభం ఉంది. మీరూ బల్ల దగ్గర కూర్చోండి. ముక్కలు కలుపు. కొయ్యి. పంచు. ఇప్పుడు నీ వంతు. ఎన్ని ముక్కలున్నాయి నీ చేతిలో? ఈ ముక్క వెయ్యనా, దాచుకోనా? ఓడిపోయానురా బాబూ! పేకాటలో మన తాతలు వాడిన మాటలన్నీ ఈ ఆటకి అలాగే సరిపోతాయి. బొమ్మలూ నియమాలూ బయటివి, మాటలు మనవి. ఒక్క మధ్యాహ్నంలో ఇన్ని క్రియాపదాలు ఏ పుస్తకమూ నేర్పదు.

సీలు తీయని పెట్టె మాత్రం ఒక్క మాట కూడా నేర్పదు.

మీ ఇంట్లో సీలు తీయని పెట్టెలు ఉన్నాయా? తెరవడానికి ఏ రోజు అనుకుంటున్నారు? తేదీ ఒక్కటే అయినా సరే, తెలుగులో రాయండి.